రాహుకాలం దాటాక

శనివారం పొద్దున చెడ్డ ఘడియలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చాయి. ఆరింటికి దుర్ముహూర్తం, అది తెమిలేసరికి వర్జ్యం, దాని వెనకే రాహుకాలం. కొండ కింది గెస్ట్‌హౌస్‌లో ప్రవీణ ఫోనులో పంచాంగం చూసి, పదిన్నర దాకా గడప దాటేది లేదని తేల్చేసింది. నవ్వకండి. అత్తగారు నేర్పిన అలవాటది. పరాయి దేశంలో మనిషి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆమె భర్త విక్రాంత్ అప్పటికే బూట్లు తొడుక్కున్నాడు. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో ఇంజినీరు, మంచుకొండల్లో ఎలా నడవాలో కోర్సు చేసి మరీ నేర్చుకున్నవాడు.

"ఏప్రిల్ మంచు రాత్రికి గట్టిపడ్తది, ఎండెక్కితే మెత్తబడి జారుతది. ఇప్పుడే పోయి మధ్యాహ్నం లోపల దిగాలె."

"రేపు పోదాం మరి."

"రేపు వాన. అయినా నీ రాహుకాలం హైదరాబాద్ టైమా, ఇక్కడి టైమా?"

"యాడున్నా రాహువు రాహువే."

అతను నవ్వేసి బూట్లు విప్పాడు. పెళ్లాంతో పంతమెందుకని పులిహోర డబ్బా తెరిచాడు. అన్నీ తెలిసిన మనిషి, తెలిసీ ఆగాడు. ఒళ్లు మండేది అందుకే.

ఎక్కడం బాగానే ఎక్కారు. దిగేటప్పటికి ఎండ మాడుస్తోంది. అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతోంది. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ వస్తున్నాయి. వాటిని చూడగానే విక్రాంత్ నవ్వు ఆగిపోయింది. ఆగుదామంటే వాళ్లు నిలబడ్డదీ అదే మంచు. ఎదురుగా ఉన్న వాలు దాటితే రాళ్లగట్టు, అక్కడ భయం లేదు.

"ఒక్కొక్కలమే పోవాలె. నువ్వు ముందు నడువు. రాళ్ల కాడికి పోయేదాక ఆగకు."

ఆమె దాటింది. దాటి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అతను సగం దూరంలో ఉన్నాడు. బరువైన బస్తా ఈడ్చినట్టు చప్పుడైంది. వాలు మొత్తం కదిలింది. మనిషి కనబడలేదు.

అతను నేర్పినట్టే చేసింది ప్రవీణ. సాయానికి ఫోను చేసింది. మంచు కింద పడ్డ మనిషి జాడ చెప్పే బీకన్లు ఇద్దరూ ఛాతీకి కట్టుకున్నారు; తనదాన్ని వెతికే మీటకు మార్చి, దాని కూత గట్టిపడ్డ చోట సంచిలోని పార తీసి తవ్వింది. జారేటప్పుడు నీళ్లలా జారిన మంచు, ఆగగానే సిమెంటులా బిగిసింది. హెలికాప్టరు మనుషులు దిగి పార అందుకునేసరికి అతని గ్లవ్సు మాత్రమే బయటపడింది.

ఆస్పత్రిలో డాక్టరు నెమ్మదిగా ఇంగ్లిషులో చెప్పాడు. ఆమెకు మొదటి మాటకే అర్థమైంది. పొద్దున తన నోటెంట వచ్చిన మాటలన్నీ తలుచుకుని, గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఫోను మోగింది. వరంగల్ నుంచి అత్తగారు. ఆమెకింకా ఏమీ తెలియదు.

"కొండకు పోయొచ్చిన్రా బిడ్డా? మంచి టైం చూస్కొనే బయలెల్లిన్రా?"

"చూస్కొనే ఎల్లినం అత్తమ్మా," అంది ప్రవీణ.