బెంగళూరు ఆఫీసరమ్మ

మా అన్న కూతురు వాసంతికి ఉద్యోగం వచ్చిన సంగతి మాకు మాచర్ల బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. నీలం కోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతోంది పిల్ల. ఫొటో కింద బెంగళూరు కంపెనీ పేరు, పైన తను చదివిన యూనివర్సిటీ పేరు.

"ఏందమ్మాయ్, మాకు చెప్పనేలేదు?" అన్నాను.

"నాకూ చెప్పలేదు బాబాయ్," అంది.

అది చదివింది బీకాం. చివరి ఏడాది పాఠాలు పక్కన పెట్టి 'కెరీర్ ప్రిపరేషన్' అన్నారు. చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, కుర్చీలో ఎంతవరకు కూర్చోవాలి, తన్ను తాను ఎట్లా పొగుడుకోవాలి, ఇవీ పాఠాలు. లెక్కలు చెప్పే మేష్టారిని మాన్పించి నవ్వడం నేర్పే ఆయన్ని పెట్టారు. ఆఖర్న కంపెనీ వాళ్లొచ్చి, కాఫీ తాగి, కబురు చేస్తామని పోయారు. ఆ సాయంత్రమే ఉన్న ఒక్క కోటునూ పిల్లలందరికీ వంతులవారీగా తొడిగి ఫొటోలు తీశారు. కబురు రాలేదు. ఫ్లెక్సీ వచ్చింది.

గాలికి ఊగే బొమ్మతో నష్టమేముందిలే అనుకున్నాను. ట్రాక్టర్ల సామాన్లు అమ్మే షౌకత్ భాయ్ తన కొట్లో కంప్యూటర్ లెక్కలు చూసే మనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసి, వాసంతిని వెంటబెట్టుకు పోయాను. ఆ పని దొరక్కపోతే పత్తి గింజలు పెట్టే ముఠాలో చేరమని మా అన్న తేల్చి చెప్పాడు.

షౌకత్ భాయ్ పిల్లను చూడగానే లేచి నిలబడ్డాడు.

"బెంగళూరు ఆఫీసరమ్మ నా కొట్లో బేరింగులు లెక్కపెట్టుద్దా? ఎగతాళా ఆంజనేయులూ?"

"ఆ ఉద్యోగం రాలేదు మావా," అంది వాసంతి.

"రాకుండానే అంత ఫ్లెక్సీ కడతారా? రోజూ చూస్తన్నా గదమ్మా! నెల తిరక్కుండా ఎల్లిపోతావు. మళ్లీ మనిషిని ఎతుక్కోవాల నేను."

ఎదురుగా నిలబడ్డ మనిషి మాట చెల్లలేదు. బొమ్మ మాట చెల్లింది. షౌకత్ ఒక్కడనే ఏముంది, ఊరంతా అంతే.

యూనివర్సిటీకి పోయాం. ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసరు ప్రభుదాసు గారు ఏసీ గదిలో ఉన్నారు.

"నా ఫొటో తీసెయ్యండి సార్," అంది వాసంతి.

"ఎందుకమ్మా? బాగా పడింది గదా."

"ఉద్యోగం లేదు గదా సార్."

"ఇవాళ లేదు. పాజిటివ్‌గా ఉండాలని క్లాసులో చెప్పలా?"

"దానివల్ల ఊళ్లో కూడా పనివ్వట్లేదు సార్."

"అడ్మిషన్లు అయ్యేదాకా ఓపిక పట్టు తల్లీ," అని, నేను నోరు తెరిచేలోపు నా చేతిలో కరపత్రం పెట్టారు. మా ఇంట్లో చదివే పిల్లలు ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగారు.

మర్నాడు వాసంతి పోయి ఆ ఫ్లెక్సీ కిందే నిలబడింది. పిల్లల్ని చేర్చుకోవడానికి యూనివర్సిటీ వాళ్లు అక్కడే బల్ల వేసుకుని ఉన్నారు. వచ్చినవాళ్లకల్లా చెప్పింది: "ఆ పైనున్నది నేనే. నాకు ఉద్యోగం రాలేదు."

రెంటచింతల నుంచి వచ్చిన ఒకావిడ పైకీ కిందికీ చూసింది. "ఆ పిల్ల చానా తెల్లగుంది గదమ్మా. నువ్వెవరు?" అని, పోయి కూతురి పేరు రాయించింది.

అయినా కొందరు వెనక్కి తిరిగారు. బల్ల దగ్గరి వాళ్లు ఫోన్లు చేసుకున్నారు. సాయంత్రానికి నిచ్చెన తెచ్చి వాసంతి మొహం మీద ఇంకో మొహం, పేరు మీద ఇంకో పేరు అంటించారు. కీర్తి అట. ఇంకా రెండో ఏడు చదువుతోంది. మెడ కింద కోటు మాత్రం వాసంతిదే.

తెల్లారి షౌకత్ భాయే మా ఇంటికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చూశా ఆంజనేయులూ. ఫొటో పీకేశారంటే ఉద్యోగం పీకేసినట్టేగా. పాపం, చేరకముందే! ఏడవొద్దని చెప్పు. రేపట్నించి కొట్టుకి రమ్మను."

నేను అసలు సంగతి చెప్పబోయాను. వాసంతి గబగబా బయటికొచ్చి, "వస్తా మావా," అంది.

షౌకత్ భాయ్ తలూపి, బండి ఎక్కబోతూ ఆగాడు.

"ఇంతకీ ఆ కీర్తి ఎవరి పిల్లమ్మా? అదృష్టవంతురాలు."