ఇరవై మూడో నంబరు భోంస్లే

నేను ఒక క్రికెట్ కార్డును. అరచేతిలో ఇమిడే అట్టముక్కను. బుడగరాజా అనే చూయింగ్ గమ్ పొట్లంలో, గమ్‌కు వీపు ఆనించుకుని లోకంలోకి వచ్చాను. అప్పట్లో బుడగరాజా వాళ్లు ముప్ఫై ఆరు మంది క్రికెట్ వీరుల కార్డులు వేయించారు. అన్నీ సేకరించిన వాళ్లకు ప్లాస్టిక్ బ్యాటు ఇస్తామన్నారు. ఆ బ్యాటు అందుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

నా ముఖం కింద ఎర్రటి అక్షరాలతో ‘23. రణధీర్ భోంస్లే, భయంకర ఫాస్ట్ బౌలర్’ అని ఉంటుంది. వెనకవైపు ఆయన తీసిన వికెట్లు, పుట్టిన ఊరు, ఇష్టమైన కూర ఉంటాయి. అన్నీ నిజమే. ఫోటో ఒక్కటే ఆయనది కాదు.

విశాఖపట్నంలో ఏదో మ్యాచ్‌కు వెళ్లిన ఫోటోగ్రాఫరు ఒకే రీలులో భోంస్లేనూ తీశాడు, మంచినీళ్ల ట్రేతో మైదానంలోకి పరుగెత్తుతున్న పన్నెండో ఆటగాణ్నీ తీశాడు. అచ్చాఫీసులో ఫోటోలు కత్తిరించే ఆయనకు క్రికెట్ తెలియదు. ఇద్దరిలో నోరు బార్లా తెరిచినవాడే ఆయనకు భయంకరంగా కనిపించాడు. ట్రేను కత్తిరించి పారేసి, ఆ పరుగెత్తే మనిషిని నాకు అంటగట్టాడు. తప్పు తెలియగానే ఇరవై మూడో నంబరు అచ్చే ఆపేశారు. ఎందుకు ఆపారో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదే అసలు భోంస్లే మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. పేపర్లలో ఎవరి ఫోటో అయినా బొగ్గు పులిమినట్టుండే రోజులవి. అందుకే తేడా కనిపెట్టినవాడు లేడు. అప్పటికే బయటపడిన మేం కొద్దిమందిమి భోంస్లేలుగా చెలామణి అయిపోయాం.

నేను మొదట చేరింది కాకినాడ జగన్నాథపురంలో సింహాద్రి అనే ఆయన సెలూనుకు. ఆయన నన్ను అద్దం మూలన దోపాడు. గడ్డాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి “ఈ బౌలరు క్రాపు కొట్టవయ్యా” అనేవారు. నెల తిరిగేసరికి పేటలో సగంమంది మగవాళ్లు పన్నెండో ఆటగాడి జుట్టుతో తిరుగుతున్నారు.

అదే వీధిలో డాక్టర్ భ్రమరాంబ అనే పళ్ల డాక్టరు కొత్తగా క్లినిక్కు తెరిచింది. వచ్చిన ప్రతి రోగికీ తీపి ముట్టొద్దని చెప్పేది. తను మాత్రం కార్డుల పిచ్చితో బుడగరాజా పొట్లాలు డబ్బాలకు డబ్బాలు కొనేది. గమ్ చెత్తబుట్టలో వేసి కార్డులు దాచుకునేది. ఆ సంగతి తెలియని కిరాణా కొట్టాయన “సాక్షాత్తూ పళ్ల డాక్టరమ్మే తింటందండి!” అని ఊరంతా చెప్పాడు. దాంతో పేటంతా గమ్ నమలడం మొదలుపెట్టింది, ఆవిడ ప్రాక్టీసు పుంజుకుంది. ముప్ఫై అయిదు కార్డులు దొరికాయి. నేను దొరకలేదు.

ఒక ఉదయం ఆవిడ సెలూను ముందు నుంచి వెళ్తూ నన్ను చూసి, తిన్నగా లోపలికి వచ్చేసింది. ముఖాలకు సబ్బు నురగలతో ఉన్న నలుగురు మగవాళ్లు గబగబా లేచి నిలబడ్డారు.

“ఆ భోంస్లేని నాకిస్తారా?”

“అమ్మో! ఆ క్రాపు చూసే నాకు గిరాకీ అండి డాక్టరమ్మగారూ. ఇంకేదైనా అడగండి,” అన్నాడు సింహాద్రి.

అయిదు నెలల తర్వాత సింహాద్రికి జ్ఞానదంతం పోటు పట్టింది. దవడ చేత్తో పట్టుకుని క్లినిక్కుకు వచ్చాడు. “తీసేస్తాను. కార్డు ఇస్తారుగా?” అంది భ్రమరాంబ. ఆ బాధలో ఇల్లు రాసిమ్మన్నా ఇచ్చేసేవాడు. పన్ను ఊడి ప్రాణం కుదుటపడ్డాక మనసు మార్చుకున్నాడు గానీ, నోటినిండా దూది. “ఊఁ! ఊఁ!” అన్నాడు. ఆవిడ దాన్ని అంగీకారం కింద జమకట్టుకుంది. అలా ఒక దంతానికి మారుగా నేను ఆల్బంలోకి చేరాను.

ముప్ఫై ఏళ్లకు పైగా నన్ను ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. ఆవిడ కూడా క్లినిక్కు పట్టకారుతోనే తీసేది. ఆదివారాలు నా ముఖం చూసి నిట్టూర్చేది: “పై కోరపన్ను పక్క పన్ను మీదికెక్కిందయ్యా భోంస్లే. చిన్నప్పుడే క్లిప్పు పెడితే పోయేది.”

కిందటి ఏడాది హైదరాబాదులో పాత కార్డుల ప్రదర్శన పెడుతున్నామని ఒక సంఘం వాళ్లు రాశారు. ముప్ఫై ఆరూ ఉన్న ఆల్బం తమకు తెలిసి ఆవిడదొక్కటేనట. ఆవిడ ఆ ఉత్తరాన్ని వచ్చిన ప్రతి రోగికీ చదివి వినిపించింది. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ప్రదర్శన వారం ఉందనగా ఒక పెద్దాయన పన్ను చూపించుకోవడానికి వచ్చాడు. ఆవిడ లైటు వేసి, బుల్లి అద్దం నోట్లో పెట్టి, అలాగే కొయ్యబారిపోయింది. పై కోరపన్ను పక్క పన్ను మీద కూర్చుని ఉంది.

“భోంస్లే గారూ!”

“ఆఁ… ఆఁ…” అన్నాడాయన. అద్దం తీశాక ఊపిరి పీల్చుకుని, “కాదండి. కొప్పిశెట్టి సత్తిరాజునండి. కరప నుంచొచ్చాను. ఎరువుల డిపోలో చేసి రిటైరయ్యానండి,” అన్నాడు.

ఆవిడ ఆల్బం తెచ్చి నన్ను చూపించింది. సత్తిరాజు ఆల్బం మీదికి వంగాడు.

“ఇది నేనేనండి. ఆరేళ్లు జట్టులో ఉన్నాను. ఒక్క మ్యాచ్ ఆడనివ్వలేదు, నీళ్లే మోయించారు. నేను క్రికెటర్నంటే మా ఇంటిల్లిపాదీ నవ్వుతారండి. చూపించడానికి ఒక్క ఫోటో లేదు.” అరచెయ్యి చాచాడు. “ఒక్కరోజు ఇత్తారా అమ్మా? మా ఆవిడకి చూపించి తెచ్చేత్తాను.”

భ్రమరాంబ బల్ల మీది ఉత్తరం వైపు చూసింది. ఆయన వైపు చూసింది. పట్టకారు పక్కన పెట్టి, వేళ్లతోనే నన్ను తీసి, ఆయన చేతిలో పెట్టింది. “జాగ్రత్తండీ. మడత పడితే చచ్చిపోతాను,” అంది.

సత్తిరాజు చొక్కా జేబులో, స్కూటరు మీద, కరప దాకా నేను పడ్డ భయం నాకే తెలుసు. ఆయన భార్య రత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని నన్ను పరిశీలించింది.

“మీ మొహమే! ఆ నోరూ మీదే! మరి కింద ఎవడి పేరో ఉందేంటండి?”

“తప్పు పడిందే.”

“తప్పని తెలిసీ అలా వదిలేత్తారా? దిద్దండి ముందు!”

ఆయన దిద్దాడు. బస్తాల మీద రాసే నల్ల మార్కరుతో ‘భోంస్లే’ను అడ్డంగా కొట్టేసి, నా నడుం నుంచి నుదుటి దాకా ఏటవాలుగా ‘కొప్పిశెట్టి సత్తిరాజు’ అని సంతకం చేశాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రత్తమ్మ చుట్టుపక్కల వాళ్లందరినీ పిలుచుకొచ్చింది.

మర్నాడు ఆయన నన్ను సగర్వంగా తిరిగి ఇచ్చాడు. “దిద్దేశానండి,” అన్నాడు. భ్రమరాంబ వెళ్లి రోగి కుర్చీలో వాలిపోయింది. ఆవిడ ముఖం చూశాక గానీ తనేం చేశాడో ఆయనకు అర్థం కాలేదు. పన్ను నొప్పితోనే ఇంటికి వెళ్లిపోయాడు.

హైదరాబాదులో సంఘం పెద్ద నా మీద భూతద్దం పెట్టాడు. “పాడైపోయిందండీ. ఎవరో పిచ్చిగీతలు గీశారు.”

“గీతలు కావు. ఆ ఫోటోలో ఉన్నాయన సంతకం.”

“కానీ ఇది భోంస్లే కార్డు కదా?”

“కాదు. ఇన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాను. దాని మీద సరిగ్గా ఉన్నది ఆ సంతకం ఒక్కటే.”

మిగతా ముప్ఫై అయిదూ పెట్టి నా చోటు ఖాళీగా వదిలేద్దామన్నారు. ఆవిడ ఆల్బం మూసి, తిరుగు రైలెక్కేసింది. దారంతా ఆల్బం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సామర్లకోట వస్తుండగా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఎదుటి సీటాయన భయపడి సామాను దగ్గరికి లాక్కున్నాడు.

వచ్చీ రాగానే సత్తిరాజుకు కబురు పెట్టి, పన్ను బాగుచేసింది. కోరపన్ను జోలికి మాత్రం వెళ్లలేదు. నన్ను ఫ్రేము కట్టించి, రోగులు కూర్చునే గదిలో తగిలించింది. సత్తిరాజు ఇప్పుడు ప్రతి మంగళవారం ఏ నొప్పీ లేకుండానే వచ్చి, నా కిందే కూర్చుంటున్నాడు. ఎవరైనా అడుగుతారని చూస్తూ పేపరు తిరగేస్తుంటాడు.

మొన్న దవడ వాచిన ఒకావిడ నన్ను తేరిపార చూసి, “ఈయనెవరండీ?” అంది.

సత్తిరాజు లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. “నేనేనండి.”

ఆవిడ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఆ చూపు ప్రయాణం చాలా తొందరగా ముగిసింది.

“ఫోటోలో పొడుగ్గా ఉన్నారే!”

“నేను పరిగెడతన్నానండి,” అన్నాడు సత్తిరాజు, “ఫోటో తీసేవోడు కింద పడుకున్నాడు.”

వాచిన దవడ పట్టుకునే ఆవిడ నవ్వింది.