పడగొట్టిన గుర్తులు

మంచు మొదలయ్యే ముందు పై బీళ్ల నుంచి చివరగా దిగేవాళ్లు దారి గుర్తుల్ని కూల్చెయ్యాలి. హుమ్లా కొండల్లో ఆ లోయ ఆచారం అది. రాయి మీద రాయి పేర్చిన కుప్పలు నిలబడి ఉంటే, అవతలి ఊరివాళ్లు వాటి ఆనవాలు పట్టుకుని వచ్చి గడ్డంతా మేపుకుపోతారు. ఈసారి చివరగా దిగింది యాంగ్జోమ్. జడలబర్రెల్ని ముందు తోలుతూ ఒక్కో కుప్పనీ కాలితో తన్నుకుంటూ వచ్చింది. బాగా చేశావని మామ నామ్‌గ్యాల్ మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు గాలి తగ్గేదాకా ఆగడానికి ఊరి పొలంలో హెలికాప్టర్ దిగింది. అందులోంచి మంచుకు వేళ్లు నల్లబడిన ఇద్దరు విదేశీ దొరలూ, వాళ్ల గైడు బిర్మానూ దిగారు. వాళ్ల మూటలు మోయడానికి పోయిన ఉర్గెన్, యాంగ్జోమ్ మొగుడు, దిగలేదు.

ఇన్నాళ్లూ అతను పెద్దబాటన వస్తాడనే అనుకుంది ఆమె. బిర్మాన్ చెప్పాడు, పెద్దబాటయితే దొరలకు సరదా తీరదట. ఎవరూ తొక్కని దారి కావాలన్నారట. కనుమ దాటాక మంచు పట్టుకుంది. హెలికాప్టర్ దొరల బీమా మీద వచ్చింది. మోతకూలివాడికి అందులో చోటెక్కడిది?

"వాడే మమ్మల్ని పొమ్మన్నాడు వదినా," అన్నాడు బిర్మాన్, ఆమె మొహం చూడకుండా. "ఇక్కణ్ణించి మా ఊరి బీళ్లే, మా రాళ్లున్నాయి, కళ్లు మూసుకుని దిగిపోతానన్నాడు."

యాంగ్జోమ్ కొండ వైపు తిరిగింది.

"రాళ్లు లేవు. నేనే పడగొట్టాను."

మళ్లీ పైకెళ్లి చూడమని నామ్‌గ్యాల్ పైలట్ కాళ్లు పట్టుకున్నాడు. పైన మబ్బు కమ్మిందన్నాడు పైలట్. దొరల్నీ బిర్మాన్‌నీ ఎక్కించుకుని దిగువకు పోయాడు.

మగవాళ్లంతా కూలికి పోయిన ఊరు. మామా కోడలూ బయల్దేరారు. దారిలో ఆమె వంగి వంగి కుప్పలు మళ్లీ పేర్చింది. పేర్చినంతసేపు పట్టలేదు, మంచు వాటిని కప్పేసింది.

"పిచ్చిదానా, నడువు. వాడు పైనున్నాడు," అని మామ కసిరాడు. అయినా ఆమె చేతులు ఆగలేదు.

మంచు తెరిపిచ్చాక కనిపించాడు ఉర్గెన్. లోయ రెండుగా చీలే చోట ఎడమకు రావలసినవాడు కుడి వాగులోకి దిగాడు. మూటకు ఆనుకుని కూర్చున్నాడు. మూట బరువును ఆపే నొసటి పట్టీ నొసటి మీదే ఉంది. మూటలో దొరల మడతకుర్చీలు, బల్ల, వాళ్లు కాళ్లు కడుక్కునే తొట్టి. ఆ మూట వదిలేస్తే వాగులోంచి పైకి ఎక్కగలిగేవాడే.

"నీ తప్పు కాదు పిల్లా," అన్నాడు నామ్‌గ్యాల్. "మేం నేర్పిందే చేశావు."

"వీడూ అంతేగా మామా. మొయ్యమన్నారు, మోశాడు."

ఏడుపు రాలేదు. పట్టీ లాగితే ఊడలేదు, చర్మంతో కలిసి గడ్డకట్టింది. కత్తితో కోసింది. కుర్చీల్నీ బల్లనీ వాగులోకి తన్నింది. ఆ మూట తాడుతోనే మొగుణ్ణి వీపుకు కట్టుకుంది. మామ చెయ్యి వెయ్యబోతే తోసేసింది. దిగువన ఊరు కనపడినా ఆమె నడక పెరగలేదు. అక్కడికి తొందరగా చేరి చెయ్యాల్సిన పని ఇంకేమీ లేదు.