పాలు మానేదాకా

సత్తియ్య నావ ఎక్కినవాళ్ళకి ఏరు దాటడంతోపాటు ఒక అబద్ధం కూడా దక్కేది. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు తన నావ కొట్టుకుపోయి కొట్టుకుపోయి ఉప్పలగుప్తంలో ఒక కొబ్బరిచెట్టు మొవ్వులో చిక్కుకుందనీ, తాను మూడు రోజులు కిందికి దిగకుండా చెయ్యి చాపి బోండాలు కోసుకు తాగేననీ, నాలుగో రోజు నీళ్ళు తీసేక తోటగల ఆసామి కింద నిలబడి "దిగరా దొంగా" అని కేకలేసేడనీ చెప్పేవాడు. నమ్మకపోతే, "ఆ చెట్టుకి ఇప్పటికీ నా తెడ్డు మచ్చ ఉందండి, రండి చూపిస్తాను" అనేవాడు. పనులు మానుకుని ఎవరు వెళ్తారు?

వేళాకోళం కలవకుండా ఆయన నోట్లోంచి మంచినీళ్ళడిగే మాటైనా వచ్చేది కాదు.

ధవళేశ్వరం దగ్గర దొరలు గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజులవి. ఒకనాడు పొద్దున్నే అవతలి రేవులో ఒక ఆడమనిషి తలమీంచి ముసుగు లాక్కుని, ఒళ్ళో పసిగుడ్డుతో నావెక్కి ఓ మూల కూర్చుంది.

"ఎవరో మహారాణీ గారు! బోయీలు అలిగేరా తల్లీ, పల్లకీ మానేసి మా నావెక్కేరు?" అన్నాడు సత్తియ్య.

నావలో అందరూ నవ్వేరు. ముసుగు కదల్లేదు.

"మాటాడితే పళ్ళు రాలిపోతాయనుకుంటానండి, పాపం" అని ఇంకోటి విసిరేడు.

గాలికి ముసుగు జారింది. పైడమ్మ. ఆయన కూతురే. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కుడి చెయ్యి మోచేతి కింద విరిగి, తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. పసిదాన్ని ఎడంచేత్తో పొదివి పట్టుకుంది.

"గెడ వెయ్యి అయ్యా" అంది. "వెనకాలే వస్తున్నాడు."

సత్తియ్య గెడ వేసేడు. ఆ దాటడంలో ఎవరికీ ఏ కథా దక్కలేదు.

నెల్లాళ్ళకి వలలు ఆరేసే ఇసకదిబ్బ మీద కులం కూర్చుంది. పైడమ్మ మొగుడు అబ్బులు, చేపల తట్ట ఒలికిపోయిందని తెడ్డుకర్రతో కొట్టేనని దాచకుండానే చెప్పేడు. "పెళ్ళాం మీద చెయ్యెయ్యనివాడు ఈ దిబ్బ మీద ఎవడున్నాడో చెయ్యెత్తమనండి" అన్నాడు. ఎవరి చెయ్యీ లేవలేదు. సత్తియ్య ఇసకలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెయ్యీ లేవలేదు.

కులపెద్ద బంగారరాజు చెడ్డవాడు కాదు. మెల్లిగా మాట్లాడే మనిషి. ఆచారం ప్రకారం ఎండు గడ్డిపరక తెప్పించి చెరో కొసా పట్టుకోమన్నాడు. పరక తెగితే కాపురం తెగినట్టే.

"కుడిచేత్తో పట్టుకోవాలమ్మా" అన్నాడు.

"ఆ చెయ్యి విరిచింది ఆయనేనండి" అంది పైడమ్మ.

ఎడంచెయ్యే చాలన్నారు. పరక తెగింది. ఆ కాస్త చప్పుడుకి కాకి కూడా ఎగరదు. మూడేళ్ళ కాపురం దాంతో అయిపోయింది.

"మరి పిల్ల?" అన్నాడు అబ్బులు.

"పిల్ల తండ్రిది. అది మనం పెట్టింది కాదు, తాతలనాటిది" అన్నాడు బంగారరాజు. "అయితే పాలు తాగినన్నాళ్ళూ తల్లి దగ్గర ఉంటుంది. పాలు మానేక నీ ఇంటికి."

రాజమండ్రిలో దొరల కచేరీ ఉందిగా, అక్కడ చెప్పుకుంటే, అని సత్తియ్య గొణిగేడు. "చెప్పుకోండి. ఆ దొర కూడా మీ కులాచారం ఏంటని మళ్ళీ నన్నే పిలిపించి అడుగుతాడు" అన్నాడు బంగారరాజు. అదీ నిజమే.

పైడమ్మ లేచి నిలబడింది. "పాలు మానేదాకా అంటే ఎన్నేళ్ళండి?"

"ఏళ్ళేంటమ్మా, మానేదాకా!" బంగారరాజు నవ్వేడు. దిబ్బంతా నవ్వింది.

పైడమ్మ నవ్వలేదు. ఆ మాటని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

పిల్లకి మాలచ్చి అని పేరు పెట్టుకున్నారు. ఏడాది వెళ్ళింది, రెండేళ్ళు వెళ్ళేయి. ఊళ్ళో తల్లులు పిల్లలకి పాలు మాన్పించాలని వేపాకు నూరి రాసుకుంటుంటే, పైడమ్మ పాలు పడడానికి మునగాకు వండుకు తినేది. బాలింతలకి పెట్టే పాలసొర పిట్టు వారానికోసారి చేసుకునేది. ఆ చేప రేవులోకి వస్తే అమ్మేవాళ్ళే, "ఇదిగో పైడమ్మా, నీ మందు" అని పిలిచి ఇచ్చేవారు. విరిగిన చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది. ఆ వంకరలో పిల్ల తల సరిగ్గా ఇమిడేది.

ఏటా ఒకసారి అవతలి ఒడ్డునించి అబ్బులు మనిషిని పంపేవాడు. ఆ వచ్చినవాడు వాకిట్లో నిలబడేసరికి, పిల్ల తల్లి పైటచెంగు కింద ఉండేది. "ఇంకా మానలేదండి" అని వెళ్ళి చెప్పేవాడు. అబ్బులు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడనీ, ఆవిడ కూడా కన్ను వాచి పుట్టింటికి పోయిందనీ, ఇంట్లో నీళ్ళు మోసే మనిషి లేక పిల్లకోసం అతని తల్లి గోల పెడుతోందనీ నావలో కబుర్లు వచ్చేవి.

మాలచ్చికి నాలుగు నిండి అయిదో ఏడు పడింది. పళ్ళన్నీ ఉన్నాయి, చేప ముళ్ళు తనే తీసుకు తింటుంది, తాతతో వాదిస్తుంది. అయినా పొద్దుటోసారి, దీపాల వేళకి ఓసారి అమ్మ ఒళ్ళోకి దూరాల్సిందే. ఊరు నవ్వితే నవ్వింది. పైడమ్మకి ఊరితో పని లేదు.

సత్తియ్యకి మనవరాలంటే ప్రాణం. ఆయన చెప్పిన అబద్ధాలన్నీ అక్షరం పొల్లుపోకుండా నమ్మే మనిషి ఈ భూమ్మీద ఆ పిల్లొక్కతే. ఒకరోజు నావ తిరగేసి తారు పూస్తుంటే, అది మూతి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూలబడింది.

"పాలు తాగొచ్చేవా?"

"ఆయ్."

"అయ్యో, ముక్తేశ్వరంలో ఒక పిల్ల కూడా ఇలాగే నీ అంత వయసొచ్చేదాకా తాగిందే. ఒకరోజు స్నానం చేస్తుంటే నడుం కింద ఏదో తగిలింది. ఏంటా అని చూసుకుంటే తోక! దూడ తోక! పాపం, ఇప్పుడు ఆ పిల్లని పాకలో కట్టేసి చిట్టు పెడుతున్నారు." దాని వీపు తడిమి, "ఇదిగో, ఇక్కడ నీకూ ఏదో మొలకలా తగులుతోందే!" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని చూసుకుంది. సత్తియ్య పకపకా నవ్వి, తారు పూసుకుంటూ ఆ మాట అక్కడే మర్చిపోయేడు.

ఆ సాయంత్రం మాలచ్చి అమ్మ ఒళ్ళోకి రాలేదు. మర్నాడూ రాలేదు. "రా తల్లీ, ఒక్కసారి" అని పైడమ్మ బతిమాలింది, బెల్లంముక్క చూపించింది, ఏడ్చింది. పిల్ల గోడకి వీపు ఆనించి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఎందుకే అంటే చెప్పదు. ఇంట్లో ఇది జరుగుతున్నట్టు సత్తియ్యకి తెలుసు. అలిగిందిలే, రెండ్రోజుల్లో అదే వస్తుందనుకున్నాడు.

వారం తిరక్కుండా ఈసారి అబ్బులే వచ్చేడు, బంగారరాజుని వెంటబెట్టుకుని. వాకిట్లో పదిమంది పోగయ్యేరు. పైడమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని పైట కప్పబోయింది. పిల్ల గింజుకుని బయటికి దూకింది.

బంగారరాజు వంగి, "ఏమ్మా, పాలు తాగుతావా నువ్వు?" అని అడిగేడు.

"తాగను. తాగితే తోక మొలుస్తుందంట. తాత చెప్పేడు."

వాకిలంతా ఘొల్లుమంది. అబ్బులు కూడా నవ్వేడు. ఆ నవ్వులో పైడమ్మ తండ్రి మొహంలోకి చూసింది. సత్తియ్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చేడు.

"అది నేను నవ్వులాటకి చెప్పేనండి! పిల్ల తాగుతోందండీ. ఇవాళ పొద్దున్న కూడా తాగింది. నా కళ్ళారా చూసేను, గంగమ్మ మీద ఒట్టు!"

"సత్తియ్యా" అన్నాడు బంగారరాజు జాలిగా. "కొబ్బరిచెట్టు మీద మూడు రోజులున్నానని కూడా ఒట్టేసే కదయ్యా చెప్పేవు? నీ మాట పట్టుకుని నేను తీర్పు ఎలా చెప్పను? పిల్ల నోటితో పిల్లే చెప్పింది."

సత్తియ్య మోకాళ్ళమీద కూర్చుని మనవరాలి భుజాలు పట్టుకున్నాడు. "తోకా లేదు ఏమీ లేదే! తాత అబద్ధం చెప్పేడు. వెళ్ళు, అమ్మ దగ్గరికి వెళ్ళు!"

పిల్ల తాతని వింతగా చూసింది. తాత అబద్ధం చెప్పడమేంటి? దానికి అర్థం కాలేదు. అక్కడినించి కదల్లేదు.

అవతలి ఒడ్డుకి ఇంకో నావ లేదు. అబ్బులునీ, పిల్లనీ దాటించాల్సింది సత్తియ్యే. చుక్కాని దగ్గర పిల్ల తాత పంచె పట్టుకుని కూర్చుంది. "అమ్మ ఎప్పుడొస్తుంది?" అనడగలేదు. నావెక్కితే మళ్ళీ ఇవతలికే వస్తామని దాని లెక్క. ఏటి నడుముకి వచ్చేక మెల్లిగా అడిగింది.

"తాతా, ఇప్పుడు మానేసేను కదా, తోక పోయిందా?"

సత్తియ్య దాని వీపు తడిమేడు. వేళ్ళకి చిన్న ఎముకలు తగిలేయి.

"పోయిందమ్మా."

"కథ చెప్పు."

ఆయన నోరు తెరిచేడు. ఒక్క ముక్కా రాలేదు. రేవు వచ్చేసింది. అబ్బులు పిల్లని చంకనేసుకుని గట్టెక్కేడు. కొంతదూరం వెళ్ళేక దానికి తెలిసింది. తాతా అని ఒకటే కేక వేసింది. తర్వాత సరుగుడు చెట్ల గాలి తప్ప ఏమీ వినబడలేదు.

తిరిగొచ్చేసరికి పైడమ్మ రేవులో మొలలోతు నీళ్ళలో నిలబడి ఉంది. నావ ఖాళీగా ఉందని దూరంనించే చూసి ఉంటుంది, అయినా దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసింది. ఆమె పైట తడిసిపోయి ఉంది. ఏటినీళ్ళు అంతదాకా రాలేదు. ఇన్ని రోజులుగా గడ్డకట్టుకుపోయిన పాలు అప్పుడు పడ్డాయి.

సత్తియ్య తెడ్డు పక్కన పెట్టి తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుణ్ణనుకున్నాడు.

"దింపేటప్పుడు దానికి ఏం చెప్పేవయ్యా?"

"ఏమీ చెప్పలేదమ్మా. నోరు పెగల్లేదు."

పైడమ్మ వంకర చేత్తో నావ అంచు పట్టుకుని అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడింది.

"రేపొచ్చి తీసుకెళ్తానని చెప్పవలసింది. నువ్వేం చెప్పినా నమ్మేది కదా అది" అంది.