గడ్డం కింద తువ్వాలు

మైలిస్ అబద్ధాలాడదని కాదు. మనుషులతో బోలెడు ఆడేది. చర్చి పాటల బృందంలోకి రమ్మంటే గొంతు బాలేదనేది. పక్కింటావిడ ఇచ్చిన కేకు అద్భుతంగా ఉందని చెప్పి, ఆవిడ అటు తిరగ్గానే పిట్టలకు వేసేది. తమ్ముడు అల్గోత్ ఫోన్ చేస్తే, ఇంట్లో కూచుని కాఫీ తాగుతూ, బయట ఉన్నానురా తర్వాత మాట్లాడతా అనేది. కానీ కుక్కతో మాత్రం ఏనాడూ ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. "మనిషికి అబద్ధం చెబితే రేపు సర్ది చెప్పుకోవచ్చు. కుక్కకి ఏమని సర్ది చెబుతాం?" అనేది.

హెర్నోసాండ్ అనే ఊరి అవతల మూతబడ్డ కలప మిల్లు ఒకటుంది. ఆ షెడ్డులోనే ఆవిడ బడి. మంగళవారం కుక్కపిల్లలకి, గురువారం పెద్దవాటికి, ముసలివాటికి. కర్ర లేదు, మెడకి బిగిసే గొలుసు లేదు, కసురు లేదు. ఉన్నవల్లా కాలేయం రుబ్బి చేసిన లివర్ పేస్టు డబ్బా ఒకటి, ఒక చెంచా, ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం తువ్వాలు. నేర్చుకోడానికి వయసేమిటి అనేది మైలిస్. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని అల్గోత్ ఎగతాళి చేస్తే, "వంచడం ఎందుకురా, అడిగితే అదే వంగుతుంది" అనేది.

ఆ తువ్వాలు పాఠం చాలా చిన్నది. తువ్వాలు మడిచి నేల మీద పెడతారు. కుక్క దాని మీద గడ్డం ఆనించిందంటే "సరే, కానివ్వండి" అని. అప్పుడు గోళ్ళు తియ్యొచ్చు, చెవులు తుడవొచ్చు, డాక్టరు సూది వెయ్యొచ్చు. గడ్డం లేపిందంటే "ఆపండి" అని. ఆపాలి. ఒక్క గోరే మిగిలింది, ఒక్క నిమిషం అంటే కుదరదు. చెయ్యి తీసెయ్యాల్సిందే. గడ్డం పెట్టినందుకు చెంచాతో కాస్త లివర్ పేస్టు. అది దాని జీతం.

కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు: "ఎప్పుడైనా అంతేనా? ఎంత అవసరమైనా?"

"కొంప అంటుకున్నా అంతే" అనేది మైలిస్.

అల్గోత్ వేటగాడు. అతని దగ్గరెప్పుడూ ఒక వేటకుక్క ఉండేది, అది అతని కేకకి వణికేది. "కుక్కని బతిమాలి గోళ్ళు తీసేదాన్ని నిన్నే చూశానక్కా. పైగా లంచం ఒకటి. ఇలా అయితే రేపు అడవిలో దుప్పిని కూడా, అయ్యా కాల్చమంటారా అని అడగాలి కాబోలు" అనేవాడు. మైలిస్‌కి ఒళ్ళు మండేది. అయినా వాడికి దాల్చినచెక్క బన్ను పెట్టేది.

బ్రాసా అనే కుక్క ఆవిడ దగ్గరికి వచ్చేటప్పటికే ముసలిది. నల్లటి బొచ్చు, మూతి దగ్గర నెరుపు. రెయిన్‌డీర్ మందలు కాసే జాతి. మునుపటి యజమాని గొలుసు బిగించి బిగించి మెడ చుట్టూ బొచ్చు ఊడగొట్టాడు. కాలు ముట్టుకుంటే చాలు, కొరికేది. వచ్చిన రోజే మైలిస్ చెయ్యి కొరికింది. ఇది బాగుపడదు, సూది వేయించెయ్యండి అన్నారందరూ.

ఒక శీతాకాలమంతా పట్టింది. మొదట తువ్వాలు వంక చూస్తే చాలు, చెంచాడు పేస్టు. తర్వాత వాసన చూస్తే. తర్వాత మూతి ఆనిస్తే. మంచు కరిగే రోజుల్లో ఒకనాడు బ్రాసా గడ్డం పెట్టి, కళ్ళు పైకెత్తి మైలిస్‌ని చూస్తూ, ఒక గోరు తియ్యనిచ్చింది. ఒక్కటే గోరు. మైలిస్ షెడ్డు వెనక్కి వెళ్ళి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఆ తర్వాత బ్రాసాయే అక్కడ చిన్న పంతులమ్మ అయిపోయింది. కుక్కపిల్లల ముందు తువ్వాలు నోట కరుచుకొచ్చి పరిచి, గడ్డం పెట్టి చూపించేది. ఇంట్లో కూడా వంటగది కిటికీ కింద దాని తువ్వాలుకో చోటుండేది. పొద్దున్నే వెళ్ళి అక్కడ గడ్డం పెట్టుక్కూచునేది, ఇవాళ పనేమైనా ఉందా అన్నట్టు.

కొన్నేళ్ళు గడిచాక ఒక అక్టోబరులో బ్రాసా కడుపులో గడ్డ బయటపడింది. పశువుల డాక్టరు ఇల్వా ఒకప్పుడు తన కుక్కపిల్లతో మంగళవారాలు వచ్చిన పిల్లే. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి చెప్పింది. "ఇంక ఏం చెయ్యలేం, మైలిస్ గారూ. నొప్పి ముదరకముందే పంపించేద్దాం. మీ ఇంటికే వస్తాను."

"సరే. తువ్వాలు మీదే చేద్దాం. దాన్ని అడిగి చేద్దాం" అంది మైలిస్.

శుక్రవారం ఇల్వా వచ్చింది. కిటికీ కింద తువ్వాలు పరిచారు. బ్రాసా ఆయాసపడుతూనే వచ్చి గడ్డం పెట్టింది. ముందు మత్తు సూది. అది చురుక్కుమంటుంది. సూది మొన తగలగానే బ్రాసా గడ్డం లేపింది.

"ఆపు" అంది మైలిస్. ఇల్వా చెయ్యి తీసేసింది.

మళ్ళీ గడ్డం పెట్టింది. మళ్ళీ సూది, మళ్ళీ లేపింది. మూడోసారి తువ్వాలు దగ్గరికే రాలేదు. పొయ్యి పక్కకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

"వద్దంటోంది. నువ్వు వెళ్ళమ్మా" అంది మైలిస్.

"అది వద్దన్నది సూదిని కదండీ."

"గడ్డం లేపితే దాని అర్థమేమిటో నాకు చెప్పకు. నీకు నేర్పింది నేను."

ఇల్వా నొప్పి మాత్రలు బల్ల మీద పెట్టి, ఎప్పుడు పిలిచినా వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. చెప్పొద్దూ, ఆ సాయంత్రం మైలిస్‌కి సంతోషంగానే ఉంది. బ్రాసాకి ఇంకా బతకాలనుంది, అందుకే వద్దంది అనుకుంది. గుడ్డు వేయించి పెట్టింది. బ్రాసా వాసన చూసి వదిలేసింది. పోనీలే, రేపు తింటుంది అనుకుంది.

మర్నాడు తినలేదు. మింగించిన మాత్రలు కక్కేసింది. ఎటు పడుకున్నా నొప్పే. లేచేది, తిరిగేది, పడుకోబోయి మళ్ళీ లేచేది. చిగుళ్ళు తెల్లబడ్డాయి. ఆదివారం పొద్దున తలుపు తియ్యగానే కాళ్ళీడ్చుకుంటూ కట్టెల కొట్టంలోకి పోయి, మొద్దుల సందున దూరింది. పిలిస్తే తోక కొన ఒకటి కదిలింది. రాలేదు.

మధ్యాహ్నం అల్గోత్ దుప్పి మాంసం పట్టుకుని వచ్చాడు. అక్క కట్టెలు కొట్టే మొద్దు మీద కూచుని ఉంది. మొద్దుల సందులోంచి బ్రాసా ఊపిరి గరగరమని వినిపిస్తోంది. అల్గోత్ వంగి చూశాడు. మాంసం మూట కింద పెట్టాడు.

"డాక్టరమ్మ శుక్రవారం వస్తుందన్నావు?"

"వచ్చింది. ఇది ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదా?"

"గడ్డం లేపింది. రెండుసార్లు."

అల్గోత్ మామూలుగా అయితే ఇక్కడ ఒక జోకు వేసేవాడు. వెయ్యలేదు. మొద్దుల మీద చతికిలబడ్డాడు.

"మా వేటకుక్క యెప్పె గుర్తుందా అక్కా? వెనక కాళ్ళు పడిపోయినప్పుడు ఎత్తుకుని అడవిలోకి తీసుకెళ్ళాను. గిన్నెలో సాసేజి పెట్టాను. అది తింటూ ఉంటే వెనక నించి కాల్చాను. దాన్నేం అడగలేదు."

"నువ్వెప్పుడు అడిగావు గనక. పుట్టిన కాణ్ణించీ కొట్టి పెంచావు. నేను అడిగి పెంచాను."

"పెంచావు. కాదనను. నా కుక్కలు నన్ను చూస్తే తోక ముడుస్తాయి, నీ కుక్కలు పరిగెత్తుకొస్తాయి. అది నాకు తెలియదనుకున్నావా?" అల్గోత్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "కానీ చావంటే ఏమిటో దానికి ఎప్పుడు నేర్పావు నువ్వు? దానికి తెలిసింది సూది. సూది వద్దంది. నువ్వేమో బతుకుతానంది అని విన్నావు."

మైలిస్ మొద్దుల సందు వంక చూసింది.

"నువ్వు మొయ్యలేక ఆ నిర్ణయం బరువు తీసుకెళ్ళి దాని గడ్డం కింద పెట్టావక్కా. అదేం చేస్తుంది, పాపం."

"పోరా అవతలికి. నీ మాంసం కూడా పట్టుకుపో" అంది మైలిస్. అల్గోత్ వెళ్ళలేదు. మాంసమూ తీసుకెళ్ళలేదు. బ్రాసా ఊపిరి గరగరమంటూనే ఉంది. కాసేపటికి మైలిస్ మోకాళ్ళ మీదికి వంగి, మొద్దుల సందులో చెయ్యి పెట్టి, ఆ నల్ల వీపు మీద ఉంచింది. దానికి నొప్పి పెరగకుండా ఎక్కడ చెయ్యి వెయ్యాలో కూడా ఇవాళ ఆవిడకి తెలియడం లేదు. మూడు రోజుల్లో ఈ జీవిని తను ఎంత హింస పెట్టిందో అప్పుడు తెలిసింది. ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క మాట కసరకుండా.

"ఇల్వాకి ఫోన్ చెయ్యరా" అంది. "రేపు పొద్దున్నే రమ్మను. ఇవాళ రాగలిగితే ఇవాళే."

ఇల్వా దూరాన ఒక గొడ్లపాకలో ఉంది, ఆవు ఈనలేకపోతోంది. పొద్దున్నే వస్తానంది.

సోమవారం అల్గోత్ బ్రాసాని దుప్పట్లో ఎత్తి వంటగదిలోకి తెచ్చాడు. మైలిస్ నీలం తువ్వాలుని మడిచి సొరుగులో పెట్టి మూసేసింది.

"తువ్వాలు వద్దా?" అంది ఇల్వా.

"వద్దు. ఇవాళ అడగడం లేదు. అడిగి, జవాబు వినకపోతే అది అబద్ధం అవుతుంది. అసలు అడక్కపోతే..." మైలిస్ ఆ మాట పూర్తి చెయ్యలేదు. "చూడమ్మా. ఇవాళ అది తల లేపినా నువ్వు ఆగకు. నా మొహం చూడకు. నువ్వు ఆగితే నేను మళ్ళీ నిన్ను పంపించేస్తాను."

అలవాటు చొప్పున డబ్బా మూత తీసి, చెంచాతో పేస్టు తీసి పట్టుకుంది. బ్రాసా ముందు నేల మీద కూచుంది. దాని తల ఒళ్ళోకి తీసుకుందామనుకుంది.

అదిగో అప్పుడు బ్రాసా లేచింది. లేచిందని కాదు, ముందుకాళ్ళ మీద ఈడ్చుకుంది. కిటికీ కిందికి పోయింది. తువ్వాలు ఉండే చోట నేల వాసన చూసింది. అటూ ఇటూ చూసింది. తువ్వాలు లేదు. మైలిస్ వంక చూసింది, ఏదీ అన్నట్టు. తర్వాత ఉత్త చెక్కల మీదే, ఎప్పుడూ పెట్టే చోటే, గడ్డం ఆనించింది.

అల్గోత్ గుమ్మం వైపు తిరిగిపోయాడు.

అది ఒప్పుకోవడం కాదని మైలిస్‌కి తెలుసు. దానికేం తెలుసు గనక ఒప్పుకోడానికి? అది తెలిసిన పని చేస్తోంది, అంతే. మైలిస్ ఉంటే ఏమీ కాదన్న ధైర్యంతో చేస్తోంది. అది తెలిసే మైలిస్ వెళ్ళి పక్కన కూచుంది. ఇల్వాకి తల ఊపింది.

సూది తగిలింది. బ్రాసా గడ్డం లేపింది.

ఇల్వా చెయ్యి ఆగిపోయింది. ఎంత వద్దన్నా, ఆ చేతికి మంగళవారాలు నేర్పిన అలవాటు అది. బ్రాసా మైలిస్ మొహంలోకి చూస్తోంది. కోపం లేదు, భయం లేదు. ఆ మాట కోసం చూస్తోంది. ఇన్నేళ్ళూ గడ్డం లేపిన ప్రతిసారీ వచ్చిన మాట, ఇప్పుడూ వస్తుందని.

"కానివ్వు" అంది మైలిస్.

ఇల్వా మందంతా ఎక్కించింది. బ్రాసా ఇంకాసేపు అలాగే చూసింది. తర్వాత, ఆ మాట రాకపోయినా, మళ్ళీ గడ్డం చెక్కల మీద పెట్టేసింది. మైలిస్ దాని చెవుల మీద మొహం పెట్టి ఏడ్చింది. చెంచా సంగతి గుర్తొచ్చేసరికి మత్తు ఎక్కేసింది. మూతి దగ్గర పెట్టినా నాలుక బయటికి రాలేదు. రెండో సూది వేశారు. అది దానికి తెలియనే లేదు. ఇల్వా గుండె మీద గొట్టం పెట్టి విని, తీసేసి, మైలిస్ భుజం మీద చెయ్యి వేసి, సామాను సర్దుకుంది.

ఇల్వా కారు వెళ్ళిపోయాక కూడా మైలిస్ ఆ చెంచా పట్టుకునే ఉంది.

"అక్కా, అది ఇటియ్యి" అన్నాడు అల్గోత్.

"ఇవ్వలేదురా."

"ఏమిటి?"

"జీతం. గడ్డం పెట్టింది కదా. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లూ ఇచ్చాను. ఇవాళ ఇవ్వలేదు."

అల్గోత్‌కి మోకాళ్ళు సరిగ్గా వంగవు. బల్ల పట్టుకుని, మూలుగుతూ, నేల మీదికి దిగాడు. అక్క చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. లంచం, లంచం అని ఏళ్ళ తరబడి వెక్కిరించిన మనిషి, ఆ పేస్టు వేలితో తీసి, బ్రాసా పెదవి ఎత్తి, నాలుక మీద రాశాడు.

"ఇచ్చేశాం లేవే" అన్నాడు. అన్నది కుక్కతోనో అక్కతోనో.

ఆపిల్ చెట్టు పక్కన గొయ్యి తవ్వాడు. దుప్పట్లో చుట్టి దించేముందు అడిగాడు, "ఆ తువ్వాలు కూడా తేనా? దాని తల కింద పెడదాం."

"వద్దు" అంది మైలిస్. "తువ్వాలు మీద దానికి ఏనాడూ అబద్ధం చెప్పలేదు. అది అలాగే ఉండనీ."

అల్గోత్ మట్టి వెయ్యడం మొదలుపెట్టాడు. మైలిస్ చూస్తూ నించుంది. కాసేపటికి ముందుకొచ్చి, చెయ్యెత్తి, "ఆపరా" అంది.

అల్గోత్ వెంటనే ఆపాడు. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. పార నేలకి ఆనించి, ఆవిడ మళ్ళీ సరే అనేదాకా అలాగే నించున్నాడు.