ఎడమ పక్క అద్దం

కోడి రెండోసారి కూసేలోపు సక్కుబాయి పుప్పాలగూడ దాటేది. నెత్తిన పాతచీరల్లో చుట్టిన గాజు పలకలు, చంకలో చెక్కపట్టీల కట్ట, కొంగు ముడిలో హీరా కలం. హీరా కలమంటే మొనలో ఆవగింజంత వజ్రం పొదిగిన గాజుకోత పనిముట్టు. "పటాలు కడతం! దేవుని పటాలు!" అని ఆమె కేకేస్తే, రెండు ఊళ్ళ అవతల గోడ మీది రాములవారు కూడా ధనుస్సు సర్దుకుని నిటారుగా నిలబడేవాడు. ఆమె కట్టిన పటంలోకి చీమ దూరిన దాఖలా లేదు. గాజు మీద ఒక్క గీత గీసి రెండు బొటనవేళ్ళు ఆనిస్తే చాలు, అంత గాజూ ఆమె మాట కాదనలేక టక్కున విడిపోయేది. ఇరవై ఏళ్ళలో, పన్నెండు ఊళ్ళలో, ఒక్క పటం తిరిగి రాలేదు.

ఆ మంచిపేరు కాకుండా సక్కుబాయికి ఉన్న సంపద ఇంకొక్కటే. ఇంట్లో గోడకున్న నిలువుటద్దం. ఎవరో నవాబుగారి దేవిడీ మేడ కూలగొట్టినప్పుడు తెచ్చుకుంది. నెమలి పురి విప్పి నిలబడినా ఒక్క ఈక బయటికి పోనంత పెద్దది.

ఆమె నడిచే దారంతా రాతి గుండ్లే. ఏనుగులంత గుండ్లు, ఏనుగుల మీద ఏనుగులు ఎక్కి కూర్చున్నంత గుండ్లు. దారికి అడ్డంగా ఎక్కడ పడితే అక్కడ కూర్చునేవి. కానీ మంచి మనసున్నవి. ఎడ్లబండి ఇరుసు కిర్రుమని మూలిగితే "అయ్యో పాపం" అన్నట్టు పక్కకు జరిగేవి. కట్టెలమోపు ఎత్తుకున్న ఆడమనిషి ఉస్సురంటే జరిగేవి. లారీ ఎత్తు ఎక్కలేక రొప్పినా జరిగేవి. బండి దాటాక మళ్ళీ వచ్చి దారిలోనే కూర్చునేవి. హారను కొడితే మాత్రం ఇంకా బిగుసుకునేవి. గుండ్లకు జాలి ఉంది గానీ అదిలింపు పడదు. ఇదంతా గచ్చిబౌలిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. సర్వే వాళ్ళు గీసిన మ్యాపులో మాత్రం ఒక్క గుండూ ఉండేది కాదు. ఈ పూట ఇక్కడ, రేపటి పూట అక్కడ ఉండేవాటిని ఏ గడిలో గీస్తారు పాపం?

పెట్రోలు ధర కొండెక్కి కూర్చున్న ఏడు అది. తెనాలి వైపు నుంచి వచ్చిన సీతారామాంజనేయులు అనే ఇంజనీరు గచ్చిబౌలిలో పెంటయ్య ఇల్లూ పశువుల కొట్టమూ కిరాయికి తీసుకుని, ఆ కొట్టంలో రెండేళ్ళు కూర్చుని బ్యాటరీ కారు తయారుచేశాడు. ఉద్యోగం లింగంపల్లి అవతల ఒక ఫ్యాక్టరీలో. మోటారూ బ్యాటరీలూ ఆ ఫ్యాక్టరీ ఇచ్చినవే. కారు ఎంత చిన్నదంటే, ఇద్దరు కూర్చున్నాక మూడోవాడిని తలుచుకోవడానికి కూడా చోటుండదు. కానీ ఏం బండి అది! పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. పక్క నుంచి పోతే కోడిపెట్ట కూడా తల ఎత్తేది కాదు. ఊరంతా దానికి పిల్లిబండి అని పేరు పెట్టుకుని మురిసిపోయింది. అది పెంటయ్య బావి మోటరు తీగ నుంచి కరెంటు తాగేది. కడుపునిండా తాగితే తొమ్మిది మైళ్ళు. మ్యాపు ప్రకారం ఫ్యాక్టరీకి ఆరు మైళ్ళు. ఇంజనీరుగారి లెక్కలో తప్పు లేదు, ఒక్కటి తప్ప. పిల్లిబండి మూలగదు.

శనివారం పొద్దున బండి మొదటిసారి ఊరు దాటింది. దారి పక్కన దున్నపోతు గుండు కునుకు తీస్తోంది. పక్కకు బండి వచ్చిన సంగతే దానికి తెలియలేదు. నిద్రలో కాస్త ఇటు ఒత్తిగిలింది. అంతే, ఎడమ తలుపు అద్దం భళ్ళుమంది. ఆ పెంకుల తళుకు గోల్కొండ కోట మీది కాకులు చూశాయట.

సీతారామాంజనేయులు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సోమవారం పదింటికల్లా బండి ఫ్యాక్టరీ గేటు దాటాలి" అన్నాడు భార్య పుణ్యవతితో. "పెద్ద ఇంజనీరు విశ్వేశ్వరరావుగారు తెగేసి చెప్పారు. తనంతట తాను రావాలి, ఒక్క మేకు తక్కువ కాకూడదు. లేకపోతే మోటారు స్టోరుకి, బండి తుక్కుకి."

"అద్దం వేయిస్తే సరిపోదూ?"

"అద్దం వేసినా గుండ్లు జరగవే! వాటి చుట్టూ తిరిగి పోతే పదమూడు మైళ్ళు. బండికి దమ్ము తొమ్మిదికే."

పెంటయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. "ముంగట నా ఎడ్లబండి పెట్టుకో సారూ. ఎడ్లు మూలుగుతయి, గుండ్లు జరుగుతయి, నువ్వు ఎనక రా."

"ఎడ్ల వెనక వస్తే ఈ సోమవారం కాదు పెంటయ్యా, పై సోమవారం చేరతాను."

"గట్లయితే నువ్వే మూలుగు. ఇప్పుడు మంచిగనే మూలుగుతున్నవ్ గద!"

"పొద్దున అదీ చేశానయ్యా. దొంగ మూలుగని వాటికి తెలిసిపోయింది."

పట్నంలో గాజు దుకాణాలు ఆదివారం తెరవరు. అందుకని ఆదివారం పొద్దున్నే పటాల కేక వినపడగానే పుణ్యవతి ఎదురెళ్ళి సక్కుబాయిని పిలుచుకొచ్చింది.

"అద్దం పగిలిందండి. కొత్త అద్దం వెయ్యాలి" అన్నాడు సీతారామాంజనేయులు. తల బ్యాటరీల మీద వంచే ఉంది.

సక్కుబాయి తలుపు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమెకు తెలిసి పటానికీ కిటికీకీ వేసేది షీషా. మొఖం చూసుకునేది అద్దం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ రెండూ వేరు. కారు తలుపుకు అద్దమేంది?

"సారూ, అద్దమేనా? షీషా గాదా?"

కోస్తా చెవిలో షీషా కాస్తా సీసా అయి కూర్చుంది. "సీసా నాకెందుకండీ? అద్దం, అద్దం!"

"గింత తలుపుకు అద్దమంటే శాన పెద్దది గావాలె."

"అవునండి, తలుపంతా నిండాలి. రేపు పెద్ద పరీక్ష ఉంది బండికి."

"మొఖం ఎటు దిక్కు పెట్టాలె? లోపటికా, బయటికా?"

"బయటికేనండి! బయట చూడ్డానికేగా అద్దం!"

రబ్బరు గాడిలో సుతిలి తాడు పెట్టి, సబ్బునీళ్ళు రాసి, బయట నుంచి ఆనించి, లోపల నుంచి తాడు లాగితే రబ్బరు ఎలా పట్టుకుంటుందో రెండు మాటల్లో చెప్పి, ఆయన బ్యాటరీల్లో పోసే నీళ్ళ కోసం సైకిలెక్కి పట్నం పోయాడు.

సక్కుబాయి తలుపు కొలతకు దారం మీద ముడులు వేసుకుంది. అంత పెద్ద అద్దం పన్నెండు ఊళ్ళలో ఒక్కటే ఉంది. అది తన ఇంటి గోడ మీదిది. మనిషి పరీక్ష అంటున్నాడు, అద్దమే అంటున్నాడు, లేదని ఏ నోటితో చెప్తుంది? ఇంటికి పోయి దాన్ని దింపింది. దింపే ముందు ఒకసారి మొఖం చూసుకుంది.

"ఇరవై ఏండ్లు నన్ను సూసినవ్. ఇగ ఊరిని సూద్దువు పా."

హీరా కలం గీత గీసింది. మూలల గుండ్రం తేలింది. ఆ ఒంపు చూస్తే నెలవంక సిగ్గుతో మబ్బు చాటుకు పోవాల్సిందే. సుతిలి లాగితే రబ్బరు పెదవి ఒక్క చుట్టులో అద్దాన్ని కరుచుకుంది. పుణ్యవతి వచ్చి చూసి, కాస్త ఆశ్చర్యపడి, అందులోనే బొట్టు సరిచేసుకుంది.

"మా వారి పనులు నాకెప్పుడు అర్థమయ్యాయి గనక! అయినా అద్దం ఎంత బాగుంది సక్కుబాయమ్మా!"

కొత్త పటానికి తెల్లారిందాకా ముసుగు తియ్యకూడదని సక్కుబాయి నియమం. తన పాతచీర ఒకటి తలుపు మీద కప్పి, పొద్దున తానే వచ్చి తీస్తానని చెప్పి పోయింది. సాయంత్రం వచ్చిన ఇంజనీరు ఆ నియమాన్ని గౌరవించాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు చీర తొలగింది. సీతారామాంజనేయులుకు అవతలి సీటు కనపడలేదు. నోరు తెరుచుకున్న సీతారామాంజనేయులు కనపడ్డాడు.

"ఇదేంటండీ?"

"అద్దం సారూ. నువ్వే అంటివి గద."

"అద్దమంటే గాజండీ! అవతల కనపడే గాజు!"

"అది షీషా."

"షీషానా?" ఆయన నెమ్మదిగా తల పట్టుకున్నాడు. "సీసా కాదూ!"

పెంటయ్య నవ్విన నవ్వుకు బావిలో నీళ్ళు గట్టెక్కాయి. సక్కుబాయి నవ్వలేదు. ఇరవై ఏళ్ళ పేరు, పన్నెండు ఊళ్ళ నమ్మకం, ఆ తలుపులో బిగుసుకుని తన వైపే చూస్తున్నాయి. ఈ బండి తుక్కుకు పోతే తన చెయ్యి వల్లే పోతుంది.

"నా తప్పు సారూ. ఇరవై ఏండ్ల పేరు పాడుజేసుకున్న."

"కాదండి. మీరు రెండుసార్లు అడిగారు. నేనే వినలేదు." ఆయన గడియారం చూశాడు. "మార్చే టైము లేదు. నాకు ఎడమ పక్క ఏమీ కనపడదు. ఇంకేం నడుపుతాను?"

సక్కుబాయి కొంగు నడుముకు బిగించింది. "నేను గూసుంట. ముంగటి షీషాలకెళ్లి మెడ సాపి సూసి చెప్త. ఎంట్రుక వంకరబోతే పట్టే కండ్లు నావి. జర ఫికర్ జెయ్యకు, తోలు."

పిల్లిబండి కదిలింది. దున్నపోతు గుండు దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు కళ్ళు మూసుకున్నంత పని చేశాడు.

"సారూ, ఆగకు! జరిగింది!"

"మూలగలేదుగా మనం?"

"అద్దం సూసింది సారూ! ఎనకకు జరిగింది!"

మరి జరగదా? ప్రపంచం పుట్టినప్పటి నుంచి దానికి తన మొఖం ఎలా ఉంటుందో తెలియదు. అద్దం ముందు నిలబడ్డ ఏ మనిషైనా, నిలువెల్లా ఎలా ఉన్నానా అని ఒక అడుగు వెనక్కి వెయ్యడా? గుండు కూడా వేసింది. గుండు అడుగంటే పది గజాలు. దాని వెనకది ఇదేం చూస్తోందా అని చూసింది, అదీ ఒక అడుగు వేసింది. ఎడమ పక్కన దారి పావడా కుచ్చిళ్ళలా విచ్చుకుంటూ పోయింది. కుడి పక్కవి మాత్రం మాకేదీ అద్దమని అలిగి, అంగుళం కదలకుండా కూర్చున్నాయి. కూర్చుంటే కూర్చున్నాయి, లింగంపల్లి ఉన్నది ఎడమకే.

"ఎడమకు కొట్టు సారూ! ఇంకా ఎడమకు! పెండ్లి ఊరేగింపు పోయేంత జాగ ఉన్నది!"

అలా వంకర్లు తిరుగుతూ నాలుగు మైళ్ళ దారికి దాదాపు ఏడు మైళ్ళ కరెంటు తాగేశాక, బండి ఆగాల్సి వచ్చింది. ముందు అత్తాకోడళ్ళ గుండ్లు. ఏడు వందల ఏళ్ళ కింద ఒక చేట దగ్గర మాటామాటా వచ్చి, అప్పటి నుంచి ఒకదానికొకటి వీపు పెట్టి కూర్చున్నాయి. నడుమ సందులో బక్కమేక ఊపిరి బిగబట్టుకుంటేనే పడుతుంది. ఇరువైపులా పల్లం.

"ఇది పాత జగడం. ఎడ్లు మూలిగినా జానెడు కంటే ఎక్కువ ఇయ్యవు" అంది సక్కుబాయి.

బ్యాటరీ ముల్లు కింది ఎర్రగీతకు వేలెడు దూరంలో ఉంది. తొమ్మిదిన్నర దాటింది. ఇంజనీరు స్టీరింగు మీద తల వాల్చాడు. "వెనక్కి తిరిగి చుట్టూ పోయే దమ్ము లేదండి. అయిపోయింది."

సక్కుబాయి రెండు గుండ్లనూ చూసింది. పటం కట్టేటప్పుడు దేవుడినీ దేవినీ ఒక్క చట్రంలో పట్టించడానికి ఆమె చేసే పని గుర్తొచ్చింది. దూరం నుంచి నడిమధ్యన కొలుస్తుంది.

"సారూ, బండి అడ్డం తిప్పు. అద్దం వాటి దిక్కు, సరిగ్గ నడిమిట్ల."

"తిప్పితే ఉన్న కరెంటూ పోతుందండి!"

"తిప్పమంటున్న గద! నా అద్దం మీద నాకు నమ్మకమున్నది."

ఆయన తిప్పాడు. ముల్లు ఎర్రగీత మీద కూర్చుంది. అద్దంలో ఏదో కదిలినట్టుంటే అత్తగుండు ఓరకంట చూసింది. అత్త ఏం చూస్తోందా అని కోడలుగుండు చూసింది. అద్దంలో ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. కోడలుపిల్ల కూడా అత్తలాగే నెరిసి, అత్తలాగే నడుము దగ్గర పగుళ్ళు వేసి, అచ్చు ఆమె తోబుట్టువులా ఉంది. ఆ తర్వాత నిలువెల్లా చూసుకోవాలని అత్త అటు ఒక అడుగు, కోడలు ఇటు ఒక అడుగు వేశాయి.

"పోనియ్ సారూ!"

తొమ్మిదీ యాభై ఎనిమిదికి పిల్లిబండి ఎవరికీ వినపడకుండా ఫ్యాక్టరీ గేటు దాటింది. దాటాక గజం దూరం కూడా కదల్లేదు, కదలాల్సిన పనీ లేదు.

విశ్వేశ్వరరావు గారు చేతులు వెనక కట్టుకుని బండి చుట్టూ తిరిగారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు బతికి లేరు. కుడి పక్క చూశారు, వెనక చూశారు, ఎడమ పక్కకు వచ్చి లోపలికి చూద్దామని వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశారు. టై సవరించుకున్నారు. పొట్ట లోపలికి పట్టారు.

"బాగుంది" అన్నారు.

కారును అన్నారో తనను అన్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు గానీ, ఆ మాట కాగితం మీదికెక్కింది, కింద సంతకం పడింది. ఆయన బొటనవేలితో రబ్బరు అంచు చుట్టూ నిమిరి చూశారు.

"చీమ దూరే సందు లేదు. ఎవరు బిగించారు?"

"నేనే సారూ" అంది సక్కుబాయి, తిట్టు కోసం మెడ వంచి.

"ఇంకో పది బండ్లు తయారుచేయిస్తున్నానమ్మా. వాటన్నిటికీ అద్దాలు నువ్వే వచ్చి వెయ్యాలి."

సక్కుబాయి మెడ లేచింది. కొంగు ముడిలోని హీరా కలం తడిమి చూసుకుంది.

"జర ఆగుండ్రి. అద్దాలా, షీషాలా?"

పెద్ద ఇంజనీరుకు ఏమీ అర్థం కాలేదు. సీతారామాంజనేయులు ముందుకొచ్చాడు.

"కుడికి షీషా, ఎడమకి అద్దం, సక్కుబాయమ్మా. మొఖం బయటికి."

అప్పుడే గేటు బయట పెద్ద మూలుగు వినపడింది. దున్నపోతు గుండు. ఆరు మైళ్ళూ బండి వెనకాలే దొర్లుకుంటూ వచ్చి, ఆయాసంతో రొప్పుతోంది. "అయ్యో పాపం" అంటూ కాపలావాడు రెండు తలుపులూ బార్లా తెరిచాడు. గుమాస్తాలూ ఫిట్టర్లూ విశ్వేశ్వరరావు గారూ, అందరూ పక్కకు జరిగి దానికి దారి ఇచ్చారు. అది మెల్లగా అద్దం దగ్గరికి వచ్చింది. వచ్చి, ఒక అడుగు వెనక్కి వేసింది.