ఆరు హెడ్‌లైటు బల్బులు

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం రెండు గంటలంటే మనిషి వెంట నీడ కూడా రాదు, ఇంట్లోనే పడుకుంటుంది. అంతటి ఎండలో మోటారు వైండింగు చేసే యాకూబ్ తన షాపు బల్ల మీద రెండు ఇనప డబ్బాలు పెట్టుకుని త్రాసు ముందు కూర్చున్నాడు.

అవి మనవరాలు హఫ్సా సొంతంగా బిగించుకుంటున్న గేమింగ్ కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లైలు. ఎర్రది నరసరావుపేటలో యాకూబ్ కొని తెచ్చింది, ఏడొందల యాభై వాట్లు. నల్లది హఫ్సా తెప్పించుకున్నది, ఐదొందల యాభై. రెంటిలో ఒకటే బిగించాలి. తప్పుడుది బిగిస్తే, రెండేళ్ళు పెళ్ళిళ్ళలో మెహందీ పెట్టి ఆ పిల్ల కొనుక్కున్న గ్రాఫిక్స్ కార్డు మాడిపోవచ్చు. ఆ కార్డు బల్ల మీదే, పురిటి బిడ్డలా తువ్వాలులో చుట్టి ఉంది.

"చూడవే, ఎర్రది నీదానికంటే అరకిలో ఎక్కువ," అన్నాడు యాకూబ్. "బరువుందంటే లోపల రాగి ఉన్నట్టే. నలభై ఏళ్ళుగా ఇట్టాగే చూస్తన్నా. నేను చుట్టిన మోటారొకటి, బోరు ఎండిపోతే పక్కూరి బోరులో నీళ్ళు లాగింది తెలుసా?"

"పోయినేడు చెప్పినప్పుడు పక్క చేలో బోరు దాదా. ఇప్పుడు ఊరు దాటిందా?" హఫ్సా ఎర్ర డబ్బా తిప్పింది. "ఈ స్టిక్కరు చదువు. పన్నెండు వోల్టుల లైను పద్దెనిమిది ఆంపియర్లే. అంటే రెండొందల పదహారు వాట్లు. నా కార్డూ ప్రాసెసరూ కలిసి ఆ లైన్లోంచే మూడొందల యాభై తాగుతాయి. నల్లది ఆ లైను మీదే ఐదొందలు ఇస్తది, అదీ యాభై డిగ్రీల వేడిలో."

"కాయితం మీద ఎవడైనా రాస్తాడు."

"సరే. లోడు పెట్టి చూడకుండా ఎవరికన్నా మోటారు ఇచ్చావా నువ్వు?"

అది షాపుకొచ్చిన ప్రతి రైతుకూ యాకూబ్ చెప్పే మాటే.

లేచి ట్రాక్టరు హెడ్‌లైటు బల్బులు ఆరు తీశాడు. ఒక్కోటి అరవై వాట్లు. ఎర్ర డబ్బాలో పన్నెండు వోల్టుల లైనుకున్న పసుపు, నల్ల తీగల మీద ఒకదాని పక్కన ఒకటి తగిలించేటట్టు అమర్చి, స్విచ్చి వేశాడు. డబ్బా ఫ్యాను తిరిగింది.

ఒకటి వెలిగింది. రెండు. మూడు. అసలే కాలుతున్న షాపు ఇంకా వేడెక్కింది.

"చూశావటే?" అన్నాడు గానీ గొంతులో మునుపటి జోరు లేదు. ముక్కుకి ఏదో తగులుతోంది. వైండింగు వార్నిష్ కాలేముందు వచ్చే వాసన. దాన్ని ఆయన నిద్రలోనైనా పోల్చగలడు. హఫ్సా చూడకుండా తువ్వాలు మూటని మోచేత్తో డబ్బాకు దూరంగా బల్ల చివరికి నెట్టాడు.

నాలుగోది తగిలించాడు. బల్బులన్నీ మసకబారి ఎర్రబడ్డాయి. ఐదోది చేతిలో పట్టుకుని ఆగాడు.

"వద్దులే దాదా."

"ఉండవే!" అని తగిలించాడు.

ఢామ్మని పేలింది. హఫ్సా ఉరికి మెయిన్ స్విచ్చి దించేసింది. పొగ చూరు దాకా లేచింది.

డబ్బా చల్లారాక యాకూబ్ స్క్రూలు విప్పాడు. లోపల వేలెడంత రాగి, దాని పక్కన జిగురుతో అంటించిన సిమెంటు బిళ్ళ. త్రాసులో పెడితే సరిగ్గా అరకిలో. ఆయన దాన్ని చానాసేపు చూశాడు.

"నాకే సిమెంటు తూచి ఇచ్చాడే ఆ నరసరావుపేటోడు," అన్నాడు మెల్లగా. "నీదియ్యి."

నల్లదానికి ఆరు బల్బులూ తగిలించారు. అరగంటసేపు వెలగనిచ్చారు. వోల్టు మీటరు ముల్లు పన్నెండు దగ్గర కదలకుండా నిలబడింది. అప్పుడు యాకూబ్ తనే తువ్వాలు విప్పి, రెండు చేతులతో కార్డు అందించాడు. హఫ్సా బిగించి బటన్ నొక్కింది. తెర వెలిగింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర యాకూబ్ కథ మొదలుపెట్టాడు. ఆరు బల్బులు అరవై అయ్యాయి. బిళ్ళ బస్తా అయింది. బరువు చూసి మోసపోయినవాడు మాత్రం మాచవరం మనిషెవరో అయ్యాడు.

"ఆ మాచవరం ఆయన పేరేంది దాదా?" అంది వెనక నుంచి హఫ్సా.

యాకూబ్ టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.